పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్: దీర్ఘకాల వాడకం తర్వాత

మిర్యాలగూడలో ఆన్‌లైన్ దరఖాస్తులు, జిరాక్స్, ప్రింట్ల పనితో నడిచే మా దుకాణంలో ఒక అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. దానిలో మూడో తరం ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉండేవి. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందటి దాదాపు అన్ని ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు కనుక, 2027 వరకు అప్‌డేట్లు అందే లినక్స్ మింట్ 21 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో వేసి, అప్పటినుంచి రోజువారీ పనికి అదే వాడుతున్నాను. ఇలాంటి పాత యంత్రానికి అది బాగా సరిపోతుందన్నదే నా అభిప్రాయం. అయితే కొత్తగా వేసిన రోజుల్లో అది ఎంతగా హ్యాంగ్ అయ్యేదంటే, ఓపిక లేనివారు ఆ దశలోనే తీసేస్తారు.

మొదటి రోజు కనిపించే నెమ్మదిని పట్టించుకోనక్కర్లేదు. అప్‌డేట్లు దిగుతుంటాయి, సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చుకోవడానికి కాపీలు దాచే టైమ్‌షిఫ్ట్‌ను ఆన్ చేసి ఉంటే తొలి స్నాప్‌షాట్ కోసం అది సిస్టమ్ ఫైళ్లన్నిటినీ కాపీ చేస్తుంది. ఆ తర్వాత కూడా మౌస్ బాణం నిలిచిపోతుంటే కారణం వెతకాలి. "తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యన్నా, లేకుంటే ఇంకో లినక్స్ వెయ్యి" అని తెలిసినవాళ్లంతా చెప్పారు. ఏది వేసినా అదే ర్యామ్, అదే డిస్క్ మీద నడవాల్సిందే కాబట్టి, హ్యాంగ్ అయిన ఆ క్షణంలో యంత్రం ఏం చేస్తున్నదో చూడడమే మేలనిపించింది.

తెర కదలకపోయినా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 మీటలను కలిపి నొక్కితే చాలాసార్లు కమాండ్లు టైప్ చేసే నల్లని టెర్మినల్ వస్తుంది. ఎఫ్7తో మళ్లీ డెస్క్‌టాప్‌కు రావచ్చు. అక్కడ లాగిన్ అయి 'టాప్' కమాండ్ ఇస్తే పైవరుసలో 'డబ్ల్యూఏ' అనే అంకె కనిపిస్తుంది. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తున్న సమయమెంతో అది చెబుతుంది. మా దగ్గర అది బాగా పెరిగిపోయి ఉండేది. ఉదయం రద్దీలో భూభారతి (భూ రికార్డులు), ఈపాస్ (స్కాలర్‌షిప్‌లు) వెబ్ పేజీలు, నాలుగైదు స్కాన్ పీడీఎఫ్‌లు ఒకేసారి తెరవగానే 4 జీబీ నిండిపోయేది. మిగిలినదాన్ని కెర్నల్ (లినక్స్ మూలభాగం) స్వాప్ ఫైలులోకి, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటులోకి తోసేది. ఆ ఫైలు కూడా అదే హార్డ్ డిస్క్‌లో ఉండడంతో రాయడానికీ చదవడానికీ పోటీ పడి అన్నీ ఆగిపోయేవి.

ఇది సగం కథ మాత్రమే. ర్యామ్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు అర నిమిషం పాటు అంతా స్తంభించి, తర్వాత ఏమీ జరగనట్టు నడిచేది. కెర్నల్ సందేశాలు చూపే 'డీమెసేజ్' (dmesg) కమాండ్‌తో చూస్తే 'ఏటీఏ' పేరుతో మొదలయ్యే, డిస్క్‌ను చదవడంలో వచ్చిన లోపాలు వరుసగా కనిపించాయి. డిస్క్ జవాబివ్వకపోతే కెర్నల్ మామూలుగా 30 సెకన్లు ఆగి డిస్క్‌తో ఉన్న లింకును రీసెట్ చేస్తుంది. ఆ అర నిమిషం అదే. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో సీఆర్‌సీ లోపాలు (డేటా కేబుల్‌లో వెళ్తూ చెడడం) మాత్రమే పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చి చూడవచ్చు. మాకు మాత్రం పెండింగ్ సెక్టార్లు (డిస్క్ చదవలేకపోతున్న భాగాలు) కనిపించాయి, అంటే డిస్కే పోతున్నది. ఫైళ్లు వేరేచోటికి ఎక్కించి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. హెచ్61 బోర్డులో సాటా పోర్టులు 3 గిగాబిట్లవే కనుక ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం రాదని కొందరు నిరుత్సాహపరుస్తారు. చిన్న చిన్న ఫైళ్లను వెతికి తెచ్చే పనిలో ఆ పరిమితి నాకెప్పుడూ తెలియలేదు. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీకే పెట్టమంటాను.

సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 ర్యామ్ దొరికేదాకా జీర్యామ్ వాడాను. ర్యామ్ నిండినప్పుడు అందులోని డేటాను డిస్క్‌కు పంపకుండా ర్యామ్‌లోనే కుదించి దాచే పద్ధతి ఇది; ఫెడోరా అనే మరో లినక్స్ దీన్ని 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి తానే అమర్చి ఇస్తున్నది. మింట్‌లో జీర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీని మనం వేసుకోవాలి. ర్యామ్ 8 జీబీ అయ్యాక కూడా దాన్ని తీయలేదు.

వేసవి విషయం వేరు. చుట్టూ రైస్ మిల్లులున్న ఊరిలో ఊక దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్ కింద పొరలా పేరుకుంటుంది. దానికి నల్లగొండ జిల్లా మే ఎండ తోడవుతుంది. 'సెన్సర్స్' కమాండ్‌లో వేడి 90 డిగ్రీలు దాటుతుంటే ఏ సెట్టింగు మార్చినా ఉపయోగం లేదు, ఎందుకంటే హద్దుకు చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. బ్లోయర్‌తో ఊదించి థర్మల్ పేస్ట్ మార్పిస్తే మధ్యాహ్నపు నెమ్మది పోయింది. మా యంత్రంలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎన్‌విడియా కార్డు ఉన్నవారు మాత్రం అన్నిటికన్నా ముందు డ్రైవర్ మేనేజర్ తెరిచి దానికి సరైన డ్రైవర్ ఉందో లేదో చూడాలి.

ఇప్పుడు హ్యాంగ్ కావడం అరుదు. ఎప్పుడైనా టెర్మినల్ కూడా రాకపోతే పవర్ బటన్ నొక్కిపట్టకుండా, ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలను పట్టుకుని ఎస్, యూ, బీ అక్షరాలను ఒక్కొక్క క్షణం ఆగుతూ నొక్కుతాను. రాయాల్సినవి డిస్క్‌కు చేరి, ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే వీలైన స్థితికి వెళ్లి, ఆ తర్వాతే యంత్రం రీస్టార్ట్ అవుతుంది.