ఫ్లాక్ మేలా, మంచి మాస్టరింగ్ మేలా?

"రాక్ ఆల్బమ్స్ ఫ్లాక్‌లోనే వినాలా, 320 ఎంపీ3 సరిపోతుందా?" ఈ నెలలో నన్ను ఇదడిగిన నాలుగో మనిషి మా ఆఫీసు కుర్రాడు. ఫ్లాక్ అంటే సీడీలోని సౌండ్‌లో ఏమీ పోకుండా కుదించిన ఫైల్. ఎంపీ3లో కొంత పోతుంది; 320, 128 అనేవి సెకనుకి ఎన్ని కిలోబిట్లో చెప్పే అంకెలు, ఎంత తక్కువైతే అంత ఎక్కువ పోయినట్టు. సరే తేల్చేద్దామని మొన్న ఆదివారం సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే కూర్చున్నాం. ఒకే సీడీలోంచి ఒక పాటని రెండు రకాలుగా తీసి, ఏది ఏదో చెప్పకుండా మా తమ్ముడు మార్చి మార్చి వినిపించాడు. వైరున్న హెడ్‌ఫోన్సే. పదిసార్లలో ఐదుసార్లు కరెక్ట్‌గా చెప్పాను. బొమ్మాబొరుసు వేసినా అన్నే వస్తాయి.

తర్వాత ఒకే ఆల్బమ్ పాత సీడీ, కొత్త రీమాస్టర్ పక్కపక్కన పెట్టాం. విడుదలకి ముందు పాటల సౌండ్‌ని చివరిసారి సరిచేయడం మాస్టరింగ్, పాత ఆల్బమ్‌కి అదే మళ్ళీ చేస్తే రీమాస్టర్. ఇక్కడ తేడా మా అమ్మకి కూడా తెలిసిపోయింది. సౌండ్‌ని గీతల బొమ్మగా చూపించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పాతది ఎగుడుదిగుడుగా ఉంది, కొత్తది పైనా కిందా కత్తెరేసినట్టు సాపుగా ఉంది. మొదట కొత్తదే బాగుందనిపిస్తుంది, ఎందుకంటే సౌండ్ ఎక్కువ. వాల్యూమ్ రెండిటికీ సమానం చేసి వినండి. స్నేర్ డ్రమ్ దెబ్బ పాతదాంట్లో ఫెళ్ళుమంటుంది, కొత్తదాంట్లో గిటార్ల కింద నలిగిపోతుంది.

2008లో వచ్చిన మెటాలికా బ్యాండ్ ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' సంగతి తెలిసిందే. సీడీలో సౌండ్‌ని (చిన్న శబ్దాలకీ పెద్దవాటికీ తేడా లేకుండా చేసి) ఎంత నొక్కారంటే డ్రమ్స్ చిరిగినట్టు వినిపిస్తాయి. అవే పాటలు గిటార్ హీరో గేమ్‌లో అంత నొక్కకుండా వచ్చేసరికి, సీడీ కంటే గేమే నయమన్నారు అభిమానులు. ఆ సీడీని ఫ్లాక్ చేస్తే ఏమొస్తుంది? ఉప్పెక్కువైన ఆవకాయని పింగాణీ జాడీలో పెట్టినట్టే.

అలాగని 128 ఎంపీ3కి దిగకండి, డ్రమ్స్‌లోని సింబల్స్ చిల్లుల గొట్టంలోంచి వచ్చినట్టుంటాయి. బ్లూటూత్ బడ్స్‌తో వింటుంటే సాధారణంగా దారిలో మళ్ళీ కుదింపు ఉంటుంది కాబట్టి ఫ్లాక్ గురించి టెన్షన్ అనవసరం. సీడీ 16 బిట్లని మించిన 24 బిట్ ఫైళ్ళు ఫోన్ నింపడానికే. వినైల్ రికార్డులకి ఒక్కోసారి వేరే మాస్టరింగ్ ఉంటుంది, అది డబ్బున్నవాళ్ళ గోల. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి అదనపు చార్జీ లేకుండానే లాస్‌లెస్ (ఫ్లాక్ లాగే ఏమీ పోని సౌండ్) ఇస్తోంది, మంచిదే. కానీ చాలా ఆల్బమ్స్‌కి అక్కడ ఉండేది రీమాస్టరే, పాతది కావాలంటే దొరకదు.

నేనైతే పాత సీడీ ఎక్కడ దొరికినా వదలను. ఫ్లాక్‌గానే దాచుకుంటాను, రేపు ఏ ఫార్మాట్ కావాలన్నా దాంట్లోంచి తీసుకోవచ్చు. ఫోన్‌లోకి మాత్రం 320నే. గుంటూరు బస్సులో కిటికీ పక్కన ఆ హారన్ల మధ్య అదే ఎక్కువ.