ఆ సేల్ టైర్లు కొనకండి: ‘పంక్చర్ ప్రొటెక్షన్ బెల్ట్’ అని రాశారు, లోపల బెల్టే లేదు

రోడ్ బైక్ తొక్కేవాళ్ళందరికీ. షాపు పేరు రాస్తే పోస్టు ఎగిరిపోతుంది కాబట్టి రాయట్లేదు. 700×28సీ ఫోల్డింగ్ టైర్లు జత 4,200కి పెట్టింది ఎవరో మీకు తెలుసు. మీలో సగం మంది కార్టులో ఆ జత కూర్చునే ఉంటుంది. ముందు తీసెయ్యండి, తర్వాత చదవండి.

లిస్టింగులో ఉన్నది ఇది: ‘ట్రిపుల్ లేయర్, 330 టీపీఐ, పంక్చర్ ప్రొటెక్షన్ బెల్ట్, 6,000 కి.మీ. పంక్చర్ ఫ్రీ, బరువు 340 గ్రాములు.’ వచ్చిన టైరు వంటింటి వేయింగ్ మెషీన్ మీద 226 గ్రాములు తూగింది. ఏ కంపెనీ టైరైనా పదీ పదిహేను గ్రాములు అటూ ఇటూ ఉంటుంది, దానికి ఎవరూ గొడవపడరు. నూట పద్నాలుగు గ్రాములు తగ్గాయంటే లోపల ఉండాల్సినదేదో అసలు పెట్టనే లేదని అర్థం.

ఏం పెట్టలేదో కోస్తే తెలిసింది. వరసగా పంక్చర్లై ఎలాగూ పనికిరాని టైరే కాబట్టి కొత్త బ్లేడుతో అడ్డంగా కోసి, ఆ అంచుని లైటుకి ఎదురుగా పట్టుకున్నాను. మామూలుగా అయితే పైన నల్ల రబ్బరు ట్రెడ్, దాని కింద వేరే రంగులోనో వేరే నేతతోనో ఒక పట్టీ, ఆ కింద కేసింగ్ (టైరుకి ఆకారమిచ్చే గుడ్డ) దారాలు కనిపించాలి. ఇందులో రెండు మిల్లీమీటర్ల ట్రెడ్, వెంటనే కేసింగ్. మధ్యలో ఏమీ లేదు. ఆ కేసింగ్ గుడ్డనే ట్రెడ్ కింద మడత వేసి మూడు వరసలు చేశారు. వాళ్ళు చెప్పిన ట్రిపుల్ లేయర్ అదే. పైన పటారం, లోన లొటారం.

330 టీపీఐ (అంగుళానికి దారాల లెక్క) సంగతీ అంతే. అంగుళానికి 110 దారాలున్న గుడ్డ మూడు వరసలైతే కలిపి 330 అని రాస్తారు. మంచి కంపెనీలూ అలాగే లెక్కేస్తాయి, అందులో మోసం లేదు. కానీ టీపీఐ పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది, టైరు మెత్తగా ఉండి సులువుగా దొర్లుతుంది. ఆ అంకెని చూపించి ముల్లు దిగదు అనడం మాత్రం మనల్ని వెర్రివాళ్ళని చెయ్యడమే.

ఇక షాపువాళ్ళతో చాట్. మొదట ‘ఫొటోలు పంపండి సార్’ అన్నారు. మెషీన్ మీద టైరు, కోసిన అంచు, ట్యూబుల చిల్లులు అన్నీ పంపితే చాలాసేపటికి జవాబు వచ్చింది: ‘సార్, టైరన్నాక పంచర్ అవుతుంది. గాలి సరిగ్గా కొట్టుకోవడం రాకపోతే మేమేం చేస్తాం?’

ట్యూబు చూడటం తెలిసినవాడెవడూ ఈ మాట అనడు. గాలి తక్కువై గుంతలో పడినప్పుడు రిమ్ము నొక్కేస్తే ట్యూబుకి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి, స్నేక్‌బైట్ అనేది దాన్నే. స్పోకు రంధ్రాలని కప్పే రిమ్ టేపు జరిగిపోతే చిల్లు ట్యూబు లోపలి వైపు, స్పోకు రంధ్రానికి ఎదురుగా ఉంటుంది. నేను పంపిన ట్యూబులన్నిటికీ బయటి వైపు, ట్రెడ్ నడిగీత కింద, ఒక్కొక్క సూదిపోటు. టైరు లోగో వాల్వ్ దగ్గరకొచ్చేలా ఎక్కిస్తాను కాబట్టి ట్యూబుని టైరు పక్కన పెడితే ఏ చిల్లు ఎక్కడిదో చెప్పొచ్చు. అలా గుర్తులు పెట్టి మరీ పంపాను. ఒకచోట లారీ టైరులోంచి రాలిన స్టీలు తీగ ఇంకా గుచ్చుకునే ఉంది, అదీ ఫొటోలో ఉంది. ఇదంతా చూసి ‘గాలి కొట్టుకోవడం రాదా’ అట.

దాన్నైనా వాళ్ళ తెలివి అంతే అని వదిలేసేవాణ్ణి. చాట్ నడుస్తుండగానే లిస్టింగు పేజీ రిఫ్రెష్ చేశాను. ‘పంక్చర్ ప్రొటెక్షన్ బెల్ట్’ మాయం! ఆ చోట ‘రేస్ గ్రేడ్ లైట్‌వెయిట్’. 340 గ్రాములు పోయి 225 గ్రాములు వచ్చింది. నేను పంపిన ఫొటోలో అంకె చూసే దిద్దుకున్నారన్నమాట. ఆ మరుక్షణమే చాట్‌లో, ‘డిస్క్రిప్షన్ ప్రకారమే పంపించాం సార్, ఒకసారి చెక్ చేసుకోండి.’ ఎంత ధైర్యం! పాత పేజీ స్క్రీన్‌షాట్ పెట్టాను. ‘వాడిన టైర్లు వాపసు తీసుకోబడవు. మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి’ అని అయిదు నక్షత్రాలు చూపించి చాట్ మూసేశారు. వాడితే వాపసు లేదు, వాడకుండా లోపల ఏముందో తెలియదు. పాలసీ రాసినవాడి కాళ్ళకి దణ్ణం పెట్టాలి.

‘రెండు మూడు పంక్చర్లకే ఇంత రభసా’ అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళు చెప్పేదాంట్లో సగం నిజమే, అందుకే నేను పంక్చర్ల లెక్క పట్టుకుని గొడవపడట్లేదు. పంక్చర్లు వరస పెట్టి సమానమైన దూరాల్లో రావు. ఒక టైరుకి సగటున 2,000 కి.మీ.కి ఒకటి చొప్పున అవుతుందనుకోండి. ఆ 2,000 కి.మీ.లో ఒక్కటీ అవ్వకుండా బయటపడే అవకాశం దాదాపు 37 శాతం. అదే దూరంలో రెండో అంతకన్నా ఎక్కువో అయ్యే అవకాశం 26 శాతం. టైరు అదే, రోడ్డు అదే, ఒకడు ‘సూపర్ టైర్’ అని రివ్యూ రాస్తాడు, ఇంకొకడు బూతులు తిడతాడు. ఇద్దరి మాటా నమ్మడానికి లేదు. ‘6,000 కి.మీ. పంక్చర్ ఫ్రీ’ అని ఎవడైనా రాశాడంటే అది ఏ టైరు గురించైనా అబద్ధమే. టైరు మంచిదో కాదో చెప్పేది దాని లోపల ఉన్న సరుకు.

ఆ సరుకులో తేడాలు మాత్రం చిన్నవి కావు. ఎక్కువ పంక్చర్లయ్యేది టీటీ (టైమ్ ట్రయల్ రేసు) టైర్లకి. పలచటి ట్రెడ్, రెండొందల గ్రాముల చుట్టుపక్కల బరువు, బెల్టు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. రేసు రోజు వాడి విప్పేయాల్సినవి అవి. వాటి మీద ఒక మెట్టు కాంటినెంటల్ కంపెనీ గ్రాండ్ ప్రీ 5000 లాంటివి. ట్రెడ్ కింద వెక్ట్రాన్ అనే గట్టి దారం నేత పట్టీ ఉంటుంది కాబట్టి గాజు పెంకుల కోతకి బాగా ఆగుతాయి. అదే కంపెనీ గేటర్‌స్కిన్‌కి బెల్టుతో పాటు పక్కగోడలకి కూడా నేత కవచం ఉంటుంది. కంకర అంచులకి గోడ చీరుకుపోవడం తగ్గుతుంది, తడి రోడ్డు మీద పట్టు మాత్రం రేసు టైరంత ఉండదు. ఆఖరి మెట్టు ష్వాల్బె మారథాన్ ప్లస్. ట్రెడ్ కింద 5 మి.మీ. రబ్బరు పొర, 28 సైజులో ఒక్కో టైరు ఏడొందల గ్రాముల చుట్టుపక్కల. దాంతో గ్రూప్ రైడుకి వెళ్తే కాళ్ళు పీకేస్తాయి, పంక్చర్ కిట్టు మాత్రం బ్యాగులో బూజు పడుతుంది.

లారీ తీగల దగ్గర నేత పట్టీకీ రబ్బరు పొరకీ ఉన్న తేడా తెలుస్తుంది. హైవే షోల్డర్ మీద పేలిన లారీ టైర్ల ముక్కలు పడి ఉంటాయి కదా, వాటిలోంచి వెంట్రుకంత తీగలు రాలుతుంటాయి. నేత పట్టీ గాజుని ఆపుతుంది కానీ అంత సన్నటి తీగ దారాల సందులోంచి దూరిపోగలదు. మందపాటి రబ్బరు పొర అయితే తీగ దిగినా ట్యూబు దాకా పొడవు చాలదు. పల్లేరు ముల్లు సంగతీ అంతే. ఆ కాయ ఎండితే అయిదు ముక్కలవుతుంది, ఏ ముక్క ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. కాబట్టి హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ ట్రాక్ దాటనివాళ్ళకి గ్రాండ్ ప్రీ తరగతి చాలు. విజయవాడ హైవే, ముంబై హైవే షోల్డర్ల మీద లాంగ్ రైడ్లు చేసేవాళ్ళు గేటర్‌స్కిన్ కన్నా కిందకి దిగకండి. వానాకాలం అయితే మరీ. నీళ్ళు రబ్బరు మీద జారుడు పదార్థంలా పనిచేసి గాజు సులువుగా దిగుతుంది. వెనక టైరుకి బరువూ ఎక్కువే, ముందు చక్రం లేపిన చెత్తా దానికే తగులుతుంది. గ్రాండ్ ప్రీ ట్రెడ్ మీద రెండు చిన్న గుంటలుంటాయి, అవి కనపడకుండా పోయాక ఏ బెల్టున్నా పంక్చర్లు పెరుగుతాయి.

ట్యూబ్‌లెస్ వాళ్ళకి చిల్లులేమీ తగ్గవు, రోడ్డు పక్కన ఆగడం తగ్గుతుంది. 28 సైజుకి 30 నుంచి 40 ఎంఎల్ సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) పోస్తే ముళ్ళ చిల్లులు చాలావరకు వాటంతటవే పూడిపోతాయి. పెద్ద కోత పడితే చిల్లులో దూర్చే రబ్బరు ప్లగ్ కావాలి. మన ఎండలకి సీలెంట్ త్వరగా గట్టిపడుతుంది, వేసవిలో నెలకోసారి వాల్వ్ కోర్ తీసి చూసుకోవాలి. చివరికి ట్యూబు వెయ్యాల్సి వస్తే ముందు టైరు లోపలంతా గుడ్డతో తడిమి విరిగిన ముళ్ళు తియ్యండి, లేకపోతే కొత్త ట్యూబుకి గాలి కొట్టగానే చిల్లులు పడతాయి. హుక్‌లెస్ రిమ్ములు (టైరుని పట్టి ఉంచే కొక్కెం అంచు లేనివి) ఉన్నవాళ్ళు 72 పీఎస్ఐ దాటించొద్దు. అసలు హుక్‌లెస్ మీద ఎక్కించొచ్చని రాసి ఉన్న టైరే వాడాలి. ఈ సేల్ జత మీద ఆ ముక్క ఎక్కడా లేదు, కానీ ‘అన్ని రిమ్ములకూ సరిపోతుంది’ అని మాత్రం ఘనంగా వేసుకున్నారు.

ఏం చెయ్యాలంటే, కొనేముందు లిస్టింగు మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. బాక్సు విప్పేటప్పుడు వీడియో తియ్యండి. ఎక్కించక ముందే తూచండి. టైరు నడిమధ్యని వేళ్ళతో నొక్కి, పక్కగోడతో పోల్చి చూడండి. బెల్టు ఉంటే నడుము గట్టిగా తగులుతుంది, లోపలివైపు పట్టీ అంచు గీతలా చేతికి తెలుస్తుంది. కంప్లయింట్ షాపు గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్‌లోనే పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. నేను మెయిల్ పెట్టేశాను.

ఈ జత కొని ఇంకా ఎక్కించనివాళ్ళుంటే ఇవాళే తూచి, మెషీన్ మీద అంకెతో ఫొటో తీసి, రిటర్న్ పెట్టెయ్యండి. ఏడు రోజులే గడువు ఇచ్చారు, అదీ డెలివరీ రోజు నుంచి లెక్క.