టంకశాల లెక్కల కోసం మూడు చోట్లు తిరిగాను

నాణేల కేటలాగ్‌లో ప్రతి సంవత్సరం పక్కన ఒక అంకె ఉంటుంది, ఆ ఏడాది ఎన్ని కొట్టారో చెప్పేది. పాత ఇంగ్లండ్ నాణేల దగ్గరికొచ్చేసరికి ఆ గడి చాలాచోట్ల ఖాళీ. ఎందుకో తెలుసుకుందామని బయల్దేరాను.

మొదట లండన్ టవర్. 13వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మొదటి దాకా టంకశాల ఈ కోటలోనే ఉండేది. గోడల మధ్య దారి పేరు ఇప్పటికీ మింట్ స్ట్రీట్. న్యూటన్ 1696లో ఉద్యోగంలో చేరింది ఈ టంకశాలలోనే. చూడాల్సిన చోటే, కానీ నాలా అంకెల పిచ్చి ఉన్నవాళ్లకి గంట చాలు.

అసలు సరుకంతా లండన్‌లోని క్యూ అనేచోట, పాత ప్రభుత్వ రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. ఊరి పేరే క్యూ, లోపల లైను మాత్రం లేదు! రీడర్ టికెట్ ఉచితం. అడ్రస్ ప్రూఫ్ మర్చిపోయి ఒక రోజు పోగొట్టుకున్నాను, తప్పు నాదే. పెన్ను లాకర్లో పెట్టి పెన్సిల్‌తో లోపలికెళ్లాలి. నేనడిగిన టంకశాల పద్దుల తోలు చుట్ట వచ్చింది. లాటిన్, రోమన్ అంకెలు, తల తిరిగింది. డెస్క్ దగ్గర ఒకావిడ ఓపిగ్గా 'li' అంటే పౌండ్లని చూపించింది. అప్పుడు వెలిగింది, వాళ్లు రాసుకున్నది బరువు! టంకశాల అధికారి జవాబు చెప్పాల్సింది లోహానికి: ఎంత వెండి వచ్చింది, ఎంత బరువు నాణేలు బయటికెళ్లాయి. 1601 నుంచి 1816 దాకా ఒక ట్రాయ్ పౌండు (వెండి, బంగారం తూచే పౌండు) వెండితో 62 షిల్లింగుల విలువైన నాణేలు కొట్టేవారు. కాబట్టి మొత్తం విలువ నోటిలెక్కకే వచ్చేస్తుంది. అందులో సిక్స్‌పెన్స్‌లు (ఆరు పెన్నీల నాణేలు) ఎన్ని అంటే మాత్రం ఆ పద్దు చెప్పదు.

బస దగ్గర్లోనే ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో. గది ఇరుకు, గోడలు పల్చన, రాత్రి పక్క గది టీవీ మొత్తం నేనే విన్నాను. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఆర్కైవ్స్‌కి నడిచి వెళ్లొచ్చు.

చివర వేల్స్‌లోని లాంట్రిసెంట్. పాడింగ్టన్ నుంచి కార్డిఫ్‌కి రైల్లో సుమారు రెండు గంటలు, తర్వాత పాంటీక్లన్‌లో దిగాలి. టంకశాల ఇక్కడ 1968లో మొదలైంది. టూర్ బాగుంది, మెషీన్ల చప్పుడూ బాగుంది. తిరుగు రైల్లో కేటలాగ్ మళ్లీ తెరిచాను. 1967 పెన్నీ పక్కన 65 కోట్ల పైచిలుకు అంకె. అదంతా ఒక్క ఏడాది పనేం కాదు, అదే తేదీతో 1970 దాకా కొడుతూనే ఉన్నారు. 1933 పెన్నీది ఇంకా విచిత్రం. చెలామణికి అవసరం లేక కొన్నే కొట్టారు, ఎన్ననేది రాసి పెట్టుకోలేదు. ఏడని ఇప్పుడు అంటారు. కొన్ని కొత్త భవనాల పునాదిరాళ్ల కింద పెట్టారు. లీడ్స్‌లో ఒక చర్చి కింద పెట్టినదాన్ని 1970లో దొంగలు ఎత్తుకుపోయారు.