అఫ్గానిస్తాన్ మీద రెండు నవలలు: ఏది ఎక్కువ నిజం?

అఫ్గానిస్తాన్ గురించి ఒక్క నవల చెప్పమంటే చాలామంది ఠక్కున ఖలీద్ హుస్సేనీ ‘ద కైట్ రన్నర్’ (2003) పేరు చెబుతారు. నేనైతే అతీక్ రహీమీ రాసిన చిన్న పుస్తకం ‘ఎర్త్ అండ్ ఆషెస్’ చేతిలో పెడతాను.

ఇద్దరూ కాబూల్‌లో పుట్టినవాళ్లే, ఇద్దరూ దేశం వదిలినవాళ్లే. తేడా ఎప్పుడు వదిలారన్నదే. హుస్సేనీ 1976లో చిన్నతనంలోనే తండ్రి ఉద్యోగం వల్ల పారిస్ వెళ్లారు, 1980లో కుటుంబం అమెరికాలో ఆశ్రయం పొందింది. రహీమీ మాత్రం సోవియట్ సైన్యం దిగాక కూడా అక్కడే ఉండి, 1984లో బయటపడ్డారు.

ఆ తేడా ‘కైట్ రన్నర్’ చదువుతుంటే తెలిసిపోతుంది. మాంజా కోసుకుపోయిన వేళ్లతో గాలిపటాలెగరేసే 1970ల కాబూల్ కళ్లకు కడుతుంది. కథ చెప్పే అమీర్ తండ్రి, ఒకప్పుడు దర్జాగా బతికినవాడు, కాలిఫోర్నియాలో పెట్రోలు బంకులో పనిచేస్తూ, ఆదివారాలు శాన్‌హోసే సంతలో పాత సామాన్లు అమ్ముకునే పేజీలు కూడా అంతే. అవి రచయిత ఎరిగిన లోకాలు. అమీర్ తాలిబన్ల కాబూల్‌కి తిరిగి వెళ్లాక మాత్రం కథ సినిమా దారి పడుతుంది. చిన్నప్పుడు ఏడిపించినవాడే తాలిబన్ పెద్దగా ఎదురవుతాడు, లెక్కలన్నీ అక్కడే తేలిపోతాయి. స్టేడియంలో బహిరంగ శిక్షలు నిజంగా జరిగినవే. కానీ ఒక దేశం నాశనం కావడాన్ని ఒక దుర్మార్గుడి ఖాతాలో వేస్తే, అది ఎలా జరిగిందో పాఠకుడికి అందదు. హుస్సేనీ 27 ఏళ్ల తర్వాత మళ్లీ కాబూల్ చూసింది ఈ నవల రాయడం పూర్తయ్యాకే.

ఇంకో లోటు నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అమీర్ ఇంట్లో పనివాడి కొడుకు హసన్, హజారా అనే మైనారిటీ తెగ పిల్లాడు. వాడి మంచితనమే మనకి కనిపిస్తుంది, వాడి కోపం ఎక్కడా కనపడదు. అంతా యజమాని కొడుకు అమీర్ చెప్పిన కథే కదా! అయినా హజారాల మీద వివక్ష గురించి, 1998లో మజారె షరీఫ్ నగరంలో తాలిబన్లు వాళ్లని ఊచకోత కోయడం గురించి ఎందరో పాఠకులు మొదటిసారి విన్నది ఈ నవల వల్లే. ఆ మేలు చిన్నది కాదు.

రహీమీ తన పుస్తకాన్ని అఫ్గానిస్తాన్‌లో మాట్లాడే దరీ భాషలోనే రాశారు. బాంబులకి ఊరు పోయింది, ఇంటిల్లిపాదీ పోయారు. ముసలాయన దస్తగీర్ మనవణ్ణి వెంటబెట్టుకుని, బొగ్గు గనిలో పనిచేసే కొడుకుకి ఆ కబురు చెప్పడానికి బయల్దేరాడు. కథంటే ఇంతే. మనవడు యాసీన్‌కి బాంబుల మోతకి చెవులు పోయాయి. ఆ సంగతి వాడికి తెలీదు. రష్యన్లు వచ్చి అందరి గొంతులూ పట్టుకుపోయారనుకుంటాడు, అన్ని గొంతులు వాళ్లకెందుకని తాతని అడుగుతాడు. తాత ఏం చెప్పినా వాడికి వినపడదు. యుద్ధం పసివాడికి ఎలా అర్థమవుతుందో ఇంత దగ్గరగా ‘కైట్ రన్నర్’ ఎక్కడా చూపించలేదు.

చరిత్ర బొత్తిగా తెలియనివాళ్లకి రహీమీ పుస్తకం కొంచెం ఇబ్బందే, ఎవరు ఎవరితో ఎందుకు పోరాడుతున్నారో ఆయన విప్పి చెప్పరు. అలాంటివాళ్లు ముందు ‘కైట్ రన్నర్’ చదవండి, తర్వాత దస్తగీర్ దగ్గరికి రండి. ఒక్కదానికే తీరిక ఉంటే మాత్రం దస్తగీర్ కథే చదవండి. ఒక్క పూటలో అయిపోతుంది.