నేర న్యాయ సేవలు, రెండేళ్ళు వాడాక నా రివ్యూ: 5కి 2 స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, ఈ సర్వీసు నేను కోరి తీసుకున్నది కాదు. ఇంట్లో దొంగలు పడ్డారు, స్టేషన్‌కి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను, ఇక అక్కడి నుంచి రెండేళ్ళ మూడు నెలలు అది నన్ను వదల్లేదు. పోయినవి ఒక ల్యాప్‌టాప్, మా ఆవిడ గాజులు రెండు, బీరువాలో ఉన్న కొంత నగదు. తిరిగినవి 19 వాయిదాలు. ఫోన్ కొన్నవాళ్ళు రివ్యూ రాస్తారు, హోటల్లో తిన్నవాళ్ళు రాస్తారు, కోర్టుకి వెళ్ళొచ్చినవాళ్ళు మాత్రం బయటపడ్డాం చాల్రా దేవుడా అనుకుని ఊరుకుంటారు. నేను ఎందుకు రాస్తున్నానంటే, అన్ని రోజులు కోర్టు వరండాలో కూర్చుంటే నాకు ఒకటి తెలిసొచ్చింది. అక్కడ నేను పడ్డ ఇబ్బందుల్లో మనుషులు చెడ్డవాళ్ళు కావడం వల్ల వచ్చినవి చాలా తక్కువ, ఆ మనుషులకు పని చేసుకోవడానికి కావలసింది ఇవ్వకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ.

పోలీసులతో మొదలుపెడతాను. ఎస్ఐ గారు రాత్రి పన్నెండింటికి కూడా స్వయంగా వచ్చారు, మర్యాదగా మాట్లాడారు, దానికి ఒక స్టార్ ఖాయం. కానీ క్లూస్ టీం మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు, ఎందుకంటే ఉన్నది ఒకటే టీం, ఆ రాత్రి అది వేరేచోట హత్య కేసులో ఉంది. అప్పటిదాకా ఏమీ ముట్టుకోవద్దన్నారు కాబట్టి మేం పక్కింట్లో పడుకున్నాం. వచ్చాక బీరువా తలుపు మీద వేలిముద్రలు చూసి, చెదిరిపోయాయండీ, పోల్చడానికి పనికిరావు అన్నారు. పక్కింటాయన సీసీ కెమెరాలో మాత్రం ఒకతను గోడ దూకుతున్నట్టు మసకగా పడింది. కెమెరా రికార్డింగు ఉండే ఆయన డీవీఆర్ డబ్బాని సీల్ చేసి ల్యాబ్‌కి పంపారు. ఈ డబ్బాని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. పక్కింటాయనైతే ఈ రెండేళ్ళలో నేను కనిపించినప్పుడల్లా దాని గురించే అడిగాడు.

బడ్జెట్ కోత అంటే ఏదో పెద్ద ప్రకటన వస్తుందనీ, టీవీల్లో చర్చలు జరుగుతాయనీ అనుకునేవాణ్ణి. అలా ఏమీ జరగదు. ఒక హెడ్ కానిస్టేబుల్ రిటైర్ అవుతాడు, ఆ కుర్చీలోకి ఎవరూ రారు. ప్రింటర్‌లో ఇంకు అయిపోతుంది, బిల్లు పాస్ కాలేదు కాబట్టి కొత్తది రాదు, చార్జిషీట్ కాపీలు బయట జిరాక్స్ షాపులో తీయించాలి, ఆ డబ్బులు ఎవరు పెట్టారో ఎవరూ అడగరు. స్టేషన్లో నా కేసు కాగితాలు రాసిన రైటర్ ఒక్కడే మూడు పనులు చేస్తున్నాడు. పోస్టు రద్దు చేశామని ఎవరూ అనలేదు, నింపలేదు, అంతే.

ఇక కోర్టు. నేను ఒక చిన్న పుస్తకంలో ప్రతి వాయిదా కారణం రాసి పెట్టుకున్నాను, ఆఫీసులో స్టాక్ రిజిస్టర్ రాసే అలవాటు, పోదు. మొత్తం 19లో ఆరుసార్లు ముద్దాయిని జైలు నుంచి తీసుకురాలేదు, ఎస్కార్ట్ పోలీసులు లేరన్నారు. ఐదుసార్లు మేజిస్ట్రేటు గారు లేరు, అంటే సెలవు కాదు, పక్క కోర్టు ఖాళీగా ఉంటే ఆ ఇన్‌ఛార్జి కూడా ఆవిడకే ఇచ్చారు. నాలుగుసార్లు ఏపీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, వేరే కోర్టులో ఉన్నారు, ఆయన ఒక్కరే రెండు కోర్టులకి. మూడుసార్లు లాయర్లు కోర్టుని బహిష్కరించారు. మిగిలిన ఒక్కసారి వీడియోలో ముద్దాయిని చూపిస్తామన్నారు, నెట్ రాలేదు.

పిలుపు కోసం ఉదయం పదిన్నరకి వెళ్ళాలి, మధ్యాహ్నం మూడింటికి బెంచ్ క్లర్కు కేసు నంబరు పిలిచి ఫలానా తేదీకి వాయిదా అని చెప్తాడు, ఇంటికి వచ్చేయాలి. కూర్చోవడానికి రెండు బల్లలు, అందులో ఒకదానికి కాలు విరిగి ఇటుక పెట్టారు. సాక్షికి భత్తా ఇస్తారని ఎవరో చెబితే అడిగాను, గుమాస్తా నవ్వి, ఆ పద్దులో డబ్బులు లేవు సార్ అన్నాడు. రాకపోతే మాత్రం వారెంట్ వస్తుంది. దానికి మాత్రం బడ్జెట్ సమస్య ఎప్పుడూ రాలేదు.

ఇది ఒక్క నా కోర్టు గొడవ కాదు. మన దేశంలో పది లక్షల జనాభాకి 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా 21 దగ్గరే ఉన్నాం, అది కూడా మంజూరైన పోస్టుల లెక్క, అందులో ఖాళీలు తీసేస్తే ఇంకా తక్కువ. 2016 ఏప్రిల్‌లో అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్ సాక్షాత్తూ ప్రధాని ముందే ఇదే విషయం చెబుతూ కంటతడి పెట్టారు. ఆ వీడియో అప్పట్లో చూసి పెద్దాయన మరీ ఎమోషనల్ అయ్యారనుకున్నా. ఏడో వాయిదా నాటికి నాకూ అదే పరిస్థితి.

డబ్బు ఆగితే ఏమవుతుందో చూడాలంటే ఫాస్ట్ ట్రాక్ కోర్టుల కథ చాలు. 11వ ఆర్థిక సంఘం సిఫార్సు చేస్తే 2000లో కేంద్రం 502.90 కోట్ల రూపాయలతో 1,734 ఫాస్ట్ ట్రాక్ కోర్టులు మంజూరు చేసింది. ఏళ్ళ తరబడి మూలుగుతున్న సెషన్స్ కేసులు, అంటే పెద్ద నేరాలవి, జైల్లో మగ్గుతున్న విచారణ ఖైదీల కేసులు తేల్చడం వాటి పని. లక్షల్లో కేసులు తేల్చాయి కూడా. పథకం ఐదేళ్ళకే అనుకున్నారు, పొడిగించారు, చివరికి 2011 మార్చి 31తో కేంద్రం డబ్బు ఇవ్వడం ఆపేసింది, కావాలంటే రాష్ట్రాలు సొంత ఖర్చుతో నడుపుకోవచ్చంది. కొన్ని నడిపాయి, చాలాచోట్ల మూతపడ్డాయి. కోర్టు మూసేస్తే అందులోని కేసులు మూతపడవు కదా, ఫైళ్ళు మూటగట్టి పక్క కోర్టుకి పంపుతారు. అప్పటికే నిండిపోయిన పక్క కోర్టుకి.

ముద్దాయి గురించి చెప్పాలి. మొదట్లో నాకు అతని మీద పీకల దాకా కోపం ఉండేది, మొహం చూస్తే కొట్టేయాలన్నంత. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. సెకండ్ హ్యాండ్ షాపులో నా ల్యాప్‌టాప్ దొరికింది, అతనే తెచ్చి అమ్మాడని షాపువాడు చెప్పాడు. ఎవరో ఇస్తే అమ్మి పెట్టాను, దొంగతనం నాకు తెలీదు అని కుర్రాడు. గాజులు దొరకలేదు. బెయిలు ఎప్పుడో వచ్చింది, కానీ షూరిటీ, అంటే పూచీ, పెట్టేవాళ్ళు లేరు, అందుకని లోపలే. ఎస్కార్ట్ లేక అతన్ని కోర్టుకి తేలేదు, తేలేదు కాబట్టి కేసు నడవలేదు, నడవలేదు కాబట్టి లోపలే ఉన్నాడు. గానుగెద్దు తిరిగినట్టు అదే చుట్టు.

2022 డిసెంబరు చివరి నాటికి దేశంలో జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, నేరం రుజువై శిక్ష పడినవాళ్ళు కాదు. నూటికి 75 మందికి పైనే. జైళ్ళేమో పట్టాల్సినవాళ్ళకంటే దాదాపు మూడో వంతు ఎక్కువ మందితో కిక్కిరిసి ఉన్నాయి. ఎస్కార్ట్‌కి నలుగురు కానిస్టేబుళ్ళని వేయకపోవడం వల్ల ఆదా ఎంతో గానీ, ఆ కుర్రాడికి రెండేళ్ళ తిండి, కాపలా, ప్రతి వాయిదాకీ నా సెలవు, పంచనామా మీద సంతకం పెట్టిన ఇద్దరి కూలి, బదిలీ అయి ఎక్కడో ఉన్న ఎస్ఐ గారు ప్రతిసారీ ప్రయాణం చేసి రావడం, ఇవన్నీ కూడితే ఆ జీతాలు ఏ మూలకి? కాకపోతే ఇవన్నీ ఒకే పద్దు కింద రావు, కొన్ని అసలు ఏ పద్దులోనూ రావు, కాబట్టి కాగితం మీద ఆదా అయినట్టే కనిపిస్తుంది.

ఈ మొత్తం సర్వీసులో నేను నిండు మనసుతో స్టార్ ఇచ్చేది ఎవరికో తెలుసా, అవతలి పక్క లాయరుకి. న్యాయ సేవాధికార సంస్థ తరఫున కుర్రాడికి పెట్టిన అమ్మాయి, చేతిలో ఫైళ్ళ సంచి, ఎప్పుడూ పరుగే. ఆ 19 కాక, కేసు నడిచిన రోజు సాక్షిగా నన్ను క్రాస్ ఎగ్జామిన్ చేసినప్పుడు సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు. చీకట్లో మనిషిని చూశానన్నారు, ఎంత దూరం నుంచి? ల్యాప్‌టాప్ బిల్లు ఏది? అప్పుడు ఒళ్ళు మండింది, ఇంటికి వెళ్ళాక ఆలోచిస్తే ఆ ప్రశ్నలు పోలీసులు నన్ను ముందే అడగాల్సినవి. ఆ అమ్మాయి చేతిలో అలాంటి కేసులు ఎన్నున్నాయో ఒకసారి కారిడార్‌లో చెప్పింది, నేను నమ్మలేదు. ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా, కస్టడీలో ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ, పిల్లలకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి, 1987 చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు.

డబ్బున్న దేశాల్లో ఇలా ఉండదులే అనుకునేవాళ్ళకి ఒక మాట. ఇంగ్లండ్, వేల్స్‌లో 2010 తర్వాత పొదుపు పేరుతో కత్తెర పట్టారు. 323 మేజిస్ట్రేట్ కోర్టుల్లో 162 మూసేశారు, కొన్ని ఏకంగా అమ్మేశారు. నెలనెలా నష్టాలొస్తున్నాయని ప్రభుత్వ ఫోరెన్సిక్ సంస్థని 2012లో ఎత్తేశారు. దాదాపు 20 వేల మంది పోలీసులు తగ్గారు, 2019లో మళ్ళీ 20 వేల మందిని తీసుకుంటామని వాళ్ళే ప్రకటించారు, కానీ వెళ్ళిపోయినవాళ్ళ ఇరవై ఏళ్ళ అనుభవం రిక్రూట్‌మెంట్‌లో రాదు కదా. ఫీజులు గిట్టక 2022లో క్రిమినల్ లాయర్లే సమ్మె చేశారు, 15 శాతం పెంచాక గానీ విరమించలేదు. పెద్ద నేరాలు విచారించే క్రౌన్ కోర్టుల్లో 2019 చివర్లో 38 వేలకి అటూ ఇటూ ఉన్న పెండింగ్ కేసులు 2024లో 73 వేలు దాటాయి. కోవిడ్ కూడా ఒక కారణమే, కాదనను, కానీ కోవిడ్ వచ్చేసరికే అక్కడ కోర్టులూ లాయర్లూ తగ్గిపోయి ఉన్నారు. జైళ్ళు నిండిపోయి 2024 సెప్టెంబరులో కొంతమందిని శిక్షలో 40 శాతం పూర్తికాగానే వదిలేశారు.

అమెరికాలో డెట్రాయిట్ సంగతి ఇంకా ఘోరం. 2009లో పోలీసుల గోదాం ఒకదాంట్లో 11,341 రేప్ కిట్లు బయటపడ్డాయి, పరీక్షకి పంపకుండా, దుమ్ము పట్టి. ఒక్కో కిట్టూ ఒక్కో బాధితురాలి ఒంటి మీద నుంచి గంటల తరబడి సేకరించిన ఆధారాలు. పరీక్షకి డబ్బులు లేవు, మనుషులు లేరు, వాటి మీద శ్రద్ధా లేదు. తర్వాత ప్రాసిక్యూటర్ కిమ్ వర్తీ ఏళ్ళ తరబడి వెంటపడి, విరాళాలు కూడా పోగుచేసి పరీక్షలు చేయిస్తే, వందల మంది సీరియల్ నేరగాళ్ళు తేలారు. అంటే ఆ కిట్లు అరల్లో పడి ఉన్నన్నాళ్ళూ వాళ్ళలో కొందరు బయట తిరుగుతూనే ఉన్నారు. ఇది చదివాక మా డీవీఆర్ గురించి ఫిర్యాదు చేయడం నాకే సిగ్గనిపించింది, అయినా చేస్తున్నా.

సరే, నా కేసు ఎలా ముగిసిందో. ఆ 19 వాయిదాలూ అయ్యాక, ఒక రోజు కుర్రాణ్ణి తెచ్చారు, మేజిస్ట్రేటు గారు ఉన్నారు, ఏపీపీ గారూ ఉన్నారు, గ్రహాలన్నీ కలిసొచ్చాయి. కానీ ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు. ఇంకో వాయిదా అంటుండగా కుర్రాడు ఏదో గొణిగాడు, లాయరమ్మాయి వద్దు వద్దు అని చెయ్యి పట్టుకుంది. అతను వినలేదు. తప్పు ఒప్పుకుంటున్నా అన్నాడు. మేజిస్ట్రేటు గారు రెండుసార్లు అడిగారు, ఎవరి బలవంతమైనా ఉందా అని, లేదన్నాడు. అప్పటిదాకా జైల్లో గడిపిన కాలమే శిక్షగా సరిపెట్టారు. సాయంత్రానికి విడుదల. పోరాడితే ఇంకెన్నాళ్ళో, ఒప్పుకుంటే ఇవాళే ఇంటికి, ఆ లెక్క అతనికి నాకంటే బాగా తెలుసు. రికార్డుల్లో మాత్రం ఇది శిక్ష పడిన కేసు.

నాకు ల్యాప్‌టాప్ తిరిగొచ్చింది, ఆన్ అవ్వదు. పోలీసులకి పని చేసినంత మేరకు ఒక స్టార్, ఆ లాయరమ్మాయికి ఒక స్టార్. ల్యాబ్‌కీ, ఎస్కార్ట్‌కీ, వీడియో లింకుకీ ఏమీ లేదు, అక్కడ రేటింగ్ ఇవ్వడానికి మనుషులే కనబడలేదు.

తీర్పు వచ్చిన ఐదు వారాలకి స్టేషన్ నుంచి ఫోన్. సార్, మీ పక్కింటాయన డీవీఆర్ ల్యాబ్ నుంచి వచ్చింది, రిపోర్టు కూడా వచ్చింది, ఆయన్ని వచ్చి సంతకం పెట్టి డబ్బా తీసుకెళ్ళమనండి. నాకు గుండె ఒక్కసారి దడదడలాడింది. రిపోర్టులో ఏముంది, ఆ గోడ దూకింది ఆ కుర్రాడేనా అని అడిగాను.

రిపోర్టు సీలు తీయలేదు సార్, కేసు అయిపోయింది కదా, అన్నాడు.