మత్లబ్‌లో ఇద్దరు కార్యకర్తలు: మాత్రలు పంచినామె, మళ్లీ వచ్చినామె

కుటుంబ నియంత్రణలో గ్రామ కార్యకర్త పనితీరు దేన్నిబట్టి మారుతుందో చూడాలంటే బంగ్లాదేశ్‌లోని మత్లబ్ మంచి ఉదాహరణ. ప్రాంతం ఒకటే. రెండేళ్ల తేడాతో రెండు పద్ధతులు నడిచాయి.

1975లో ఇంటింటికీ తిరిగినవాళ్లు ఎక్కువగా వయసు మళ్లిన, చదువురాని మంత్రసానులు. మాత్రలు, కండోమ్‌లు ఇచ్చి రావడమే వాళ్ల పని. వాడకం మొదట్లో చకచకా పెరిగి, కొన్ని నెలలకే జారిపోయింది. మాత్ర వేసుకున్నామెకు కడుపులో తిప్పిందనుకోండి. "ఇదేంటమ్మా, మానేయనా?" అని అడిగితే ఏం చెప్పాలో మంత్రసానికి ఎవరూ నేర్పలేదు. ఇక ఆ అట్ట ఏ మూలనో పడి ఉండాల్సిందే. పంచిన అట్టలు లెక్కబెడితే మాత్రం ఆమె పనితీరు భేష్! టార్గెట్ లెక్కల్లో ఉన్న మోసం ఇదే.

1977 అక్టోబరులో మనుషులూ మారారు, పనీ మారింది. ఈసారి ఎనభైమంది చదువుకున్న స్థానిక మహిళలు. పెళ్లయి పిల్లలున్నవాళ్లు, తామూ ఏదో ఒక పద్ధతి వాడుతున్నవాళ్లు. రెండు వారాలకోసారి ప్రతి గడపా తొక్కేవారు. మాత్ర పడకపోతే ఇంజెక్షన్, అదీ వద్దంటే మరొకటి. తమ వల్ల కానిదానికి వెనక క్లినిక్ ఉంది. ఏడాదిన్నరలో దాదాపు మూడో వంతు దంపతులు ఏదో ఒక పద్ధతి వాడుతున్నారు.

నా ఓటు రెండోదానికే. కాకపోతే శిక్షణకు, పర్యవేక్షణకు అయ్యే ఖర్చు మాత్రం తక్కువ కాదు.