జనరేటర్ గుంజే పికప్‌కు 4.30 క్రౌన్ సెట్: ఏండ్ల తరబడి వాడినంక నా మాట

దేవరకొండ దగ్గర మాది సప్లయర్స్ పని. టెంటు, లైటింగు సామానంత పికప్‌ల, దాని ఎన్క రెండు చక్రాల ట్రాలీ మీద జనరేటర్. ట్రాలీతోని కలిపి దగ్గరదగ్గర రెండు టన్నులు తూగుతది. ఎన్క యాక్సిల్ల ఇంజను తిరుగుడును చక్రాలకు అందించే పెద్ద పండ్ల చక్రం క్రౌను, దాన్ని తిప్పే చిన్నది పినియను. చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాల్నో అదే రేషియో. మా డీజిల్ పికప్‌కు కంపెనీ ఇచ్చింది 3.73 రేషియో. తర్వాత అదే కంపెనీ ఎక్కువ లోడు మోడల్‌కు వచ్చే 4.30 సెట్ వేయించిన. ఇంజను అదే, గేర్‌బాక్సు అదే, టైర్ల సైజు అదే. అందుకే తేడా గట్టిగ చెప్పగలుగుతున్న: బరువు గుంజేటోనికి 4.30 మస్తు పనికొస్తది, ఖాళీగ తిరిగేటోనికి దండుగ.

క్రౌన్‌కు 43 పండ్లు, పినియన్‌కు 10 ఉంటే 4.30. 41కి 11 అయితే 3.73. నంబరు పెరిగితే చక్రం దగ్గర గుంజుడు బలం పెరుగుతది, అదే స్పీడుకు ఇంజను కూడ ఎక్కువ తిరుగుతది. ఈ రెండిటి నడుమ అది 15 శాతం. అమెరికాల రామ్ 1500 లాంటి పికప్‌లకు 3.21, 3.55, 3.92 అని రేషియోలు ఉండేటియి, ట్రెయిలర్ గుంజేటోళ్లు 3.92 అడిగి తీసుకునేటోళ్లు. మనకు షోరూంల ఆ ముచ్చటే లేదు, ఏదిస్తే అది నడుపుడే.

అసలు తేడా ఐదో గేరుల తెలుస్తది. నా టైర్లు 215/75 ఆర్15, కిలోమీటరుకు 450 చుట్ల దాక తిరుగుతయి. ఐదో గేరు 0.8, అంటే షాఫ్టు ఒక చుట్టుకు ఇంజను 0.8 చుట్టు. 3.73తోని 60 మీద పోతుంటే ఇంజను 1350 ఆర్‌పీఎం కాడ ఉండేది. నా ఇంజను దమ్ము పట్టేదే 1400 దాటినంక. కొండమల్లేపల్లి నుంచి సాగర్ రోడ్డు మీద చిన్న మిట్ట వచ్చినా మూలుగుడు మొదలు, నాలుగుకు దించుడు, మళ్ల ఐదుకు ఎక్కించుడు. ఇప్పుడు అదే 60కి 1550. ఐదోలనే ఎక్కుతది.

చెరువుగట్టు జాతరకు గుట్ట మీదికి పోయేటప్పుడు ఇంకా బాగ తెలిసింది. జనం అడ్డం, ఎక్కుడు మీద ఆపుడు, మళ్ల లేపుడు. పాత రేషియోతోని సగం క్లచ్ మీద నిలబెట్టి లేపాల్సి వచ్చేది, వాసన లోపలికి కొట్టేది. ఇప్పుడు ఒకటో గేరుల పెడల్ వదిలితే మెల్లగ పాకుతది. క్లచ్ ప్లేటు ఖర్చు మిగులుడు చూస్తే సెట్ పైసలు ఎల్లినట్టే.

మైలేజీ సంగతి జర జాగ్రత్త. రేషియో మార్చినంక మైలేజీ తగ్గలే, ఇంకా పెరిగిందని చెప్పేటోళ్లున్నరు. మా బండి తీరుగ కిలోమీటర్ల మీటరు గేర్‌బాక్సు నుంచి నడిచేదైతే, అసలు 100 కిలోమీటర్లు పోతే మీటరు 115 చూపుతది. ఆ కిలోమీటర్లను డీజిల్‌తోని భాగిస్తే మైలేజీ పెరిగినట్టే కనబడతది! ఫోన్ల జీపీఎస్ పెట్టి చూడుండ్రి. నా లెక్కల ట్రాలీ ఉన్నప్పుడు పెద్ద తేడా లేదు, గేర్లు దించుడు తగ్గింది గనక. ఖాళీగ హైదరాబాద్ పోయి వస్తే మాత్రం డీజిల్ ఎక్కువ తాగుతది, 80 మీద 2000 దాటి అరుస్తది.

పని చేయించేటప్పుడు క్రౌను, పినియను జోడీగనే మార్చాలె, రెండూ కలిపి అరగదీసి జత చేసినయి. నాకు మొదట బిగించినాయన షిమ్ములు, అంటే పండ్లు సరిగ్గ కూసోనీకి నడుమ పెట్టే పల్చటి రేకులు, సరిగ్గ పెట్టలే. యాక్సిలేటర్ వదిలితే చాలు ఊళ. ఇంకో మెకానిక్ విప్పి, పండ్లు ఎక్కడ తాకుతున్నయో తెలిసేటందుకు బ్లూ రంగు పూసి తిప్పితే మచ్చ పండు నడుమ పడకుండ అంచుకు పడ్డది. షిమ్ము మార్చి, మచ్చ నడిమికి తెచ్చి, పండ్ల సందు డయల్ గేజ్ అనే కొలిచే ముల్లు మీటరుతోని చూసి బిగించినంక సప్పుడు పోయింది. ఆ తర్వాత కొన్నొద్దులు బరువు కట్టకుండ నడిపి గేర్ ఆయిల్ మార్పించిన. ఫోర్ బై ఫోర్ అయితే ముందు యాక్సిల్‌కు కూడ అదే రేషియో ఉండాలె, లేకుంటే గేర్లు ఒకదాన్నొకటి తింటయి.

రేషియో పెరిగితే బండి మోసే హద్దు పెరగదు. ఛాసిస్, హుక్, బ్రేకులు పాతయే కదా. మన్ననూరు దాటి ఈగలపెంట నుంచి శ్రీశైలం డ్యామ్ దిక్కు దిగేటప్పుడు ఇంజను బ్రేకు ఇంతకుముందు కంటే బాగ పట్టుకుంటది, అంతే. ఎన్క నుంచి ట్రాలీ నెట్టుడు మాత్రం నెడతనే ఉంటది, కింది గేరుల దిగాల్సిందే. లావు టైర్లు వేసేటోళ్లు ఇంకోటి చూడాలె: 235/75 వేస్తే చక్రం పెద్దదై తక్కువ చుట్లు తిరుగుతది గనక 4.30 కాస్త 4.12 లెక్క పని చేస్తది.

వారంటీల ఉన్న బండిని ముట్టకుండ్రి. సెకండ్ హ్యాండ్ల కొనేటోళ్లు బేరానికి ముందే రేషియో చూసుకోవచ్చు. చదునైన జాగల ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఎన్క ఒక్క చక్రమే జాకీ మీద లేపుండ్రి. గేర్‌బాక్సు నుంచి ఎన్క యాక్సిల్‌కు వచ్చే షాఫ్టుకు సుద్దముక్కతోని గీత పెట్టి చక్రాన్ని రెండు చుట్లు తిప్పుండ్రి (ఇంకో చక్రం నేల మీద ఆగి ఉంటది గనక ఈ రెండు చుట్లే ఒక చుట్టు లెక్క). షాఫ్టు నాలుగు చుట్లు నిండకుంటే 3.73 దిక్కు, నాలుగు దాటితే 4.10 గాని 4.30 గాని.